తొమ్మిదో రోజు చీటీ

కామారెడ్డి
18-10-2024, శుక్రవారం

ఈ రోజు పనులు: నీళ్లు పట్టడం, వాకిలి, మనోజ్ఞ టిఫిన్ డబ్బా, జొన్నలు పిండిగిర్నికి పంపడం, బొంత కుట్టు రెండు వరసలు, వంట, మినుములు ఎండబెట్టడం, మా ఆయన మందుల డబ్బా సర్దడం, కరెంటు ఆఫీసు. తొమ్మిది. పదోది ఈ ఉత్తరం.

ఎస్తేరక్కా,

ఫోన్ చేయొచ్చు కదా, ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు ఒకసారి నవ్వితే నేను అడగాలనుకున్నది మరిచిపోతాను. అందుకని కాగితం.

మొన్న మంగళవారం మనోజ్ఞ బడి నుంచి వచ్చి అన్నం ముట్టలేదు. వాళ్లమ్మ నవత అడిగింది, చెప్పలేదు. నేను అడిగితే సంచిలోంచి ఒక పుస్తకం తీసి నా ముందర పడేసింది.

"అమ్మమ్మా, నువ్వు నాకు అబద్ధం చెప్పినవా?"

వాళ్ల బడిలో కథల గంట ఉంటుంది. నా మనవరాలు 'మందకాడి పిల్ల' కథ చెప్పింది. చెప్పి ఊరుకోకుండా "ఇది మా అమ్మమ్మ కట్టిన కథ" అన్నది. టీచర్ బీరువాలోంచి ఈ పుస్తకం తెచ్చి, "అట్ట మీద ఎవరి పేరున్నదో గట్టిగ సదువు" అన్నదట. ఏడేళ్ల పిల్ల, నిలబడి చదివింది. రచన: కె. ఎస్తేరు రాణి. క్లాసంతా నవ్వింది. ఇప్పుడు దాన్ని 'కాపీ మనోజ్ఞ' అని పిలుస్తున్నారు.

అక్కా, మొదటి ముద్రణ 1994 అని ఉంది. ఇది పన్నెండోది. మన జిల్లాలో ఈ కథ వినకుండా ఏ సండే స్కూలు పిల్లలకూ క్రిస్మస్ గడవదని వెనక అట్ట మీద రాశారు. నేను చర్చికి వచ్చేదాన్ని కాదు కాబట్టి నా కంట పడలేదు. నువ్వు ప్రతి క్రిస్మస్‌కు కేకు పంపావు, లోపల ఉత్తరం పెట్టావు. ఈ పుస్తకం ఒక్కసారి కూడా పంపలేదు.

నా పద్ధతి నీకు తెలుసు. నేను చెప్పే కథనూ పుస్తకంలోని కథనూ పక్కపక్కన పెట్టి చూశాను. బాలయేసు పుట్టాడని విని గొల్లవాళ్లందరూ బేత్లెహేముకు పరుగెత్తారు. మందకు కాపలాగా ఒక చిన్నపిల్లను వదిలి వెళ్లారు. అందరూ పసివాణ్ని చూసి వచ్చారు, ఆమె ఒక్కతే చూడలేదు. కొన్నాళ్లకు ఒక తల్లీ తండ్రీ బిడ్డను ఎత్తుకుని గొర్రెల దారిన పోతూ మంద దగ్గర ఆగారు. బిడ్డ చలికి వణుకుతుంటే పిల్ల తన గొంగడి ఇచ్చేసింది. రెండిట్లోనూ ఇదే. పుస్తకంలో ఒక కుంటి గొర్రె కూడా ఉంది, పిల్ల దాన్ని 'ముసలవ్వ' అని పిలుస్తుంది. అది భిక్నూర్ దగ్గర మా ఊళ్లో మా బాపు మందలోని గొర్రె. దాని పేరు బేత్లెహేములో ఎవరికి తెలుసు?

ఒక్కటే అడుగుతున్నాను. ఇది మనం హాస్టల్‌లో బియ్యం ఏరుతున్నప్పుడు, జ్వరంతో పడుకున్న బుజ్జికి నేను చెప్పిన కథే కదా? నేను మరిచిపోయింది ఇంకేమన్నా ఉంటే చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను.

నీ చెల్లె
శ్రీలత


ఎల్లారెడ్డి
24-10-2024

చెల్లె శ్రీలతకు ప్రేమతో,

నీ ఉత్తరం చూడగానే ప్రాణం లేచొచ్చింది. రాత ఇంకా అట్లాగే ఉంది, గీత గీసి దాని మీద నిలబెట్టినట్టు. నా రాత మాత్రం ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసీ రాసీ వంకర పోయింది.

ఇక్కడ వానకు రోడ్డు మీద పోసిన వడ్లన్నీ తడిశాయి. మా బడి పిల్లలు సగం మంది కల్లాల దగ్గరే ఉంటున్నారు. నా మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వడం లేదు. చర్చికి ఈ నెలలో రంగు వేయిస్తున్నారు. ఏ రంగన్నదాని మీద రెండు ఆదివారాలు కొట్లాట, చివరికి ఎప్పటి తెలుపే ఖాయమైంది. నువ్వుంటే ఆ మీటింగు లెక్క రాసి పెట్టేదానివి.

మనోజ్ఞ సంగతి విని బాధేసింది. ఆ టీచర్ తెలియక అన్నదిలే. పిల్లలు నాలుగు రోజుల్లో మరిచిపోతారు.

కథ సంగతంటావా, హాస్టల్‌లో ఎవరు ఏ మాట చెప్పామో ఇప్పుడు ఎవరికి గుర్తు చెప్పు? అందరం చెప్పుకున్నాం, అందరం విన్నాం. నేను కాస్త ఓపిక చేసి కాగితం మీద పెట్టాను, అంతే. దాన్ని పెద్దగా పట్టించుకోకు.

ఈసారి కేకులో జీడిపప్పు ఎక్కువ వేయిస్తాను. మా అబ్బాయి అబ్రాహాము కామారెడ్డి వచ్చినప్పుడు ఇచ్చి వెళ్తాడు. బావగారి షుగరు ఎట్లా ఉంది?

మీ అక్క
ఎస్తేరు


కామారెడ్డి
2-11-2024

ఎస్తేరు రాణి టీచర్ గారికి,

ఈ రోజు పనులు రాయడం లేదు. వాటితో మీకు పనిలేదు.

మొదటి ఉత్తరంలో నేను ఒకటి దాచాను. మీ ముందుమాట చదివాకే ఆ ఉత్తరం రాశాను. మీ అంతట మీరే చెబుతారేమోనని చూశాను. మీరు జీడిపప్పు గురించి చెప్పారు.

'ఈ కథ ఎలా పుట్టింది' అని పేరు పెట్టి మీరు రాసింది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. "క్రిస్మస్ ముందు రోజు ఖాళీ చర్చిలో నేను ఒంటరిగా మోకరించి ఉన్నాను. కిటికీలోంచి వెలుగు నా మీద పడింది. దేవుడు ఈ కథను మొదటి నుంచి చివరి దాకా నా చెవిలో చెప్పాడు. నేను రాసినదాన్ని మాత్రమే."

ఆ రోజు చర్చి ఖాళీగా లేదు టీచర్ గారూ. సున్నం వేస్తున్నారు. సున్నం నీళ్లు మోసింది మీరూ నేనే. మీ పరికిణీ మీద మచ్చ పడితే వార్డెనమ్మకు కనిపించకుండా నా ఓణీ ఇచ్చాను.

1987 డిసెంబరు పదహారు నుంచి ఇరవై నాలుగు దాకా, తొమ్మిది రోజులు. మిగతా పిల్లలంతా మధ్యాహ్నం కాగానే పాటలు పాడటానికి ఊళ్ల మీదికి పోయేవాళ్లు. నేను హిందువుల పిల్లనని పాటల్లో లేను. మీరు పదో తరగతి, పెద్ద పిల్ల, పండుగ భోజనాల బియ్యం మీ బాధ్యత. మూడో తరగతి బుజ్జికి జ్వరం, వాళ్ల ఊరు డోంగ్లి నుంచి ఎవరూ తీసుకుపోవడానికి రాలేదు. వరండాలో గోనెసంచి మీద పడుకుని ఏడుస్తుంటే నేను కథ మొదలుపెట్టాను. మీరు పక్కన కూర్చుని విన్నారు, నోటుబుక్కులో రాసుకున్నారు. "పరీక్షకు చదువుతున్నా" అన్నారు. నేను నమ్మాను.

నా పేరు వేయలేదంటే నాకు ఇంత బాధ కలగదు. గ్యాసు పుస్తకం మీద, రేషన్ కార్డు మీద తప్ప నా పేరు ఎక్కడా అచ్చు కాలేదు, దాని కోసం నేను ఏనాడూ ఎదురు చూడలేదు. కానీ నా నోటితో చెప్పిన మాటల్ని తీసుకెళ్లి దేవుడి నోట్లో పెట్టారు. ఇప్పుడు నేను నావంటే దేవుడితో తగువు పెట్టుకున్నట్టు. మీరు తెలివైనవారు.

నాకు మొదటి కాన్పు అయినప్పుడు మీరు పది రోజులు వచ్చి ఉన్నారు. నా బిడ్డకు నలుగు పెట్టారు. ఆ పది రోజుల్లో కూడా ఈ కథ మీ మనసులో ఉండే ఉంటుంది. మరుసటి ఏడే అచ్చయింది. అప్పటి నుంచి మీరు రాసిన ముప్పై క్రిస్మస్ ఉత్తరాలు నిన్న తీసి వరసగా చదివాను. మీ ఇంటి మేక ఈనిన సంగతి కూడా ఉంది. ఇది లేదు.

ఈ క్రిస్మస్‌కు రంగుల బొమ్మలతో కొత్త ముద్రణ అని వెనక అట్ట మీద ఉంది. అందులో నిజం రాయండి. రెండు వరసలు చాలు. నా కోసం కాదు, నా మనవరాలు ఆ క్లాసులో నిలబడి చదవడానికి. రాయకపోతే నేను కోర్టుకు పోను, మీ ఇంటి ముందుకూ రాను. మీ కేకు వచ్చిన సంచిలోనే తిరిగి వస్తుంది.

శ్రీలత


ఎల్లారెడ్డి
9-11-2024

శ్రీలతా,

'మీరు' అన్నావు. బాగుంది.

నీకు లెక్కలంటే ఇష్టం కదా, లెక్కతోనే మాట్లాడదాం. హాస్టల్‌లో నిన్ను 'చీటీల పిల్ల' అనేవాళ్లం, గుర్తుందా? ఒకరి పని ఒకరు చేస్తే చీటీ రాసేదానివి. నా బదులు నువ్వు నాలుగు బిందెలు మోస్తే, నీ బదులు నేను రెండు రోజులు గిన్నెలు తోమాలి. తీరేదాకా చీటీ నీ దగ్గరే ఉండేది. తీరాక 'చెల్లు' అని రాసి, కింద పేరు పెట్టి, చేసినవాళ్ల చేతికి ఇచ్చేసేదానివి. ఇచ్చాక దాని గురించి ఎవరూ మళ్లీ నోరెత్తకూడదు. ఆ నియమం పెట్టింది నువ్వే.

ఈ ఉత్తరంతో ఒక కాగితం జిరాక్స్ తీయించి పెట్టాను. చదువుకో. నీ రాతే.

"16 నుంచి 23 వరకు ఎనిమిది రోజులు నా వంతు బియ్యం రోజుకు రెండు చాటలు ఎస్తేరక్క ఏరింది. బదులు: కథ. చెల్లు. శ్రీలత."

ఎనిమిది రోజులు, పదహారు చాటలు. నువ్వు కథ చెబుతూ చేతులు తిప్పుతుంటే నీ చాట కూడా నేనే ఏరాను. నా గోళ్ల కింద తవుడు చేరి పుండ్లయ్యాయి. బదులు కథ అని రాసింది ఎవరు? నాకు ఇచ్చేశావు. నేను తీసుకున్నాను.

ఇంకో మాట. నువ్వు చెప్పావు సరే, ఆ తరువాత ఏం చేశావు? పెళ్లి చేసుకున్నావు, లెక్కలు రాసుకున్నావు. రాసింది నేను. పదకొండు సార్లు తిరగరాశాను. 1993లో ఆయన పోయేసరికి అబ్రాహాము చంకలో ఉన్నాడు. ఎల్లారెడ్డిలో నేను ఎవరికీ ఏమీ కాను. ఆ ఏడు పిల్లల పత్రికకు కథ పంపాను. అచ్చయింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు నన్ను పేరు పెట్టి లేవమన్నారు. 'పాపం, మొగుడు పోయినామె' అనేవాళ్లు ఆ రోజు నుంచి 'కథల టీచర్' అన్నారు. ఈ ఊళ్లో నాకున్న పేరు అదొక్కటే. అది ఊడదీస్తే కింద ఏముందో నాకే తెలియదు.

కొత్త ముద్రణకు దిద్దుబాట్లు ఈ నెలాఖరు వరకే తీసుకుంటామని అచ్చువేసేవాళ్లు అన్నారు. నేనేమీ దిద్దడం లేదు.

ఎస్తేరు


కామారెడ్డి
15-11-2024, శుక్రవారం

ఎస్తేరక్కకు,

ఈ రోజు పనులు: వంట ఒక్కటే. మిగతా పొద్దంతా అటక మీది రేకు పెట్టె.

నీ జిరాక్స్ చూశాను. నా రాతే. దాన్ని కాదనను. ఎనిమిది రోజులు నువ్వు నా చాట ఏరావు, నేను 'బదులు: కథ' అని రాశాను. పద్నాలుగేళ్ల పిల్ల, కథ వినిపించడం బదులు అనుకుంది. కథ ఇచ్చేయడం అనుకోలేదు. అయినా రాసింది రాసినట్టే ఉంది, ఆ పిల్ల మనసులో ఏముందో కాగితం చెప్పదు.

కానీ అక్కా, చీటీ ఎనిమిది రోజులకే ఉంది. కథ తొమ్మిది రోజులు కదా. తొమ్మిదో రోజు చీటీ ఏమైందని వెతికాను. తీరిన చీటీలు ఎవరివి వాళ్లకు పోయాయి. నా దగ్గర మిగిలేది తీరనివే. రేకు పెట్టె అడుగున, మా అమ్మ వెండి కడియాల గుడ్డ కింద, ఒక్కటే ఉంది. దాన్ని చదివి అక్కడే, అటక మీదే కూర్చుండిపోయాను. మా ఆయన కింది నుంచి "ఏమైందే, తేలు గిట్ల కుట్టిందా?" అని అరిచాడు.

"24-12-87. ముగింపు బుజ్జి చెప్పింది. బదులు: కథ కాగితం మీదికెక్కితే బుజ్జి పేరు రాయాలి. బాకీ. శ్రీలత."

చదవగానే ఆ వరండా అంతా కళ్ల ముందుకొచ్చింది. మొదట అడిగింది కూడా అదే. పాటల జట్టు గేటు దాటుతుంటే చూస్తూ "అక్కా, గొల్లోళ్లంత పోతే గొర్లను ఎవలు చూసుకున్నరు?" అన్నది. దానికి జవాబుగానే నేను కథ మొదలుపెట్టాను. తొమ్మిదో రోజు నేను ముగించేశాను: పిల్ల మందను బాగా కాసింది, దేవుడు మెచ్చాడు, అయిపోయింది. బుజ్జి లేచి కూర్చుంది.

"మరి గా పిల్ల బాలయేసును ఎప్పుడు చూస్తది?"

"చూడదు బుజ్జీ. మందకాడ ఉండాలె గద."

గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి అటు తిరిగే అన్నది: "పోరాకపోతే ఆళ్లనే రమ్మను. గొర్ల తొవ్వ మీదికెళ్లే పోతరు గద."

నువ్వు పెన్ను ఎత్తి చూశావు. నేను బిత్తరపోయాను. 'నా పేరు గూడ రాస్తరా' అని అడిగింది. రాస్తామన్నాం, ఇద్దరం. క్రిస్మస్ అయ్యాక వాళ్ల మామ వచ్చి తీసుకుపోయాడు, మళ్లీ హాస్టల్‌కు రాలేదు.

ఇన్నేళ్లు నా బిడ్డకు, మనవరాలికి 'నేను కట్టిన కథ' అనే చెప్పుకున్నాను. మరిచిపోయాననుకుంటున్నాను. అట్లా మరిచిపోవడం నాకు హాయిగా ఉండింది. నీకు 'మీరు' అని రాసిన ఆ ఉత్తరం ఇప్పుడు తలుచుకుంటే సగం మాటలు నాకే రాసుకున్నట్టున్నాయి.

సగమే. మిగతా సగం ఇంకా నీవే. ఖాళీ చర్చి, వెలుగు, చెవిలో దేవుడు, వాటికి ఏ చీటీ లేదు.

ఈ ఆదివారం కాక పై ఆదివారం డోంగ్లి పోతున్నాను. ఊరి పేరు తప్ప నా దగ్గర ఏమీ లేదు. అడుక్కుంటూ పోతాను.

శ్రీలత


ఎల్లారెడ్డి
20-11-2024

శ్రీలతా,

పోవద్దు. నా మాట విను.

ఈ వాక్యం రాసి రెండు రోజులు కాగితం బల్ల మీదే పెట్టాను. నువ్వు పోతావు. పోయి ఆమె నోట వినే ముందు నా నోట విను.

బుజ్జి అసలు పేరు చంద్రవ్వ. డోంగ్లిలోనే ఉంటుంది, పిండిగిర్ని వెనక. నాకెట్లా తెలుసంటే, 2009లో బాన్సువాడ బస్టాండులో నన్ను చూసి గుర్తుపట్టింది. నేను గుర్తుపట్టలేదు. "ఎస్తేరక్కా, నేను బుజ్జిని, జరమొచ్చిన బుజ్జిని" అన్నది. నెత్తి మీద మూట ఉంది. నస్రుల్లాబాద్ చర్చిలో నన్ను సన్మానించి పంపిన రోజు అది. శాలువా, పుస్తకాలు చేతిసంచిలో ఉన్నాయి.

"అక్కా, మన కథ ఏమాయె? కాగితం మీదికెక్కిచ్చినవా?" అని అడిగింది.

"ఏ కథ? నాకు యాదికి లేదు" అన్నాను. సంచి మూతి చేత్తో మూసుకున్నాను. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

దేవుడు చెవిలో చెప్పాడన్న ముందుమాట అంతకు ముందు లేదు. ఆ తరువాతి ముద్రణకే రాశాను. ఎవరన్నా అడిగితే జవాబు ఉండాలనుకున్నాను. నువ్వు తెలివి అన్నావు, అది భయం. నీ గురించి కాదు. నీతో ఎప్పుడో ఒకప్పుడు సర్దుకోవచ్చనుకున్నాను, అక్కాచెల్లెళ్లం కదా అని. ఆమె ముఖం చూసి అబద్ధమాడిందే నన్ను తినేసింది.

ఇక నీ ఇష్టం.

ఎస్తేరు


కామారెడ్డి
26-11-2024, మంగళవారం

అక్కా,

ఈ రోజు పనులు: ఆదివారం, సోమవారం చేయనివి కూడా కలిపి పద్నాలుగు. అన్నీ అయ్యాక కూర్చున్నాను.

నీ ఉత్తరం డోంగ్లి బయల్దేరే ముందే అందింది, చదివాను. నా పేరు ఎత్తేసినందుకు వచ్చిన కోపం దీని ముందు ఏపాటి? నెత్తి మీద మూటతో వచ్చి పలకరించిన మనిషికి 'యాదికి లేదు' అన్నావు. అది రాసి దాచుకోకుండా పంపావు, అందుకే ఇంకా అక్కా అంటున్నాను.

బాన్సువాడలో బస్సు మారి, మద్నూరులో ఆటో ఎక్కి డోంగ్లి చేరేసరికి పదకొండయింది. గిర్ని దగ్గర అడిగితే సగం మంది మరాఠీలో జవాబు చెప్పారు. వెనక రెండు గదుల ఇల్లు. ఒకామె అరుగు మీద కందులు చెరుగుతోంది. చాట పట్టుకున్న తీరు చూసే అనుకున్నాను.

"బుజ్జీ" అన్నాను.

చాట ఆగింది. "గా పేరుతోని పిలిచెటోళ్లు ఇద్దరే. నువ్వు చీటీల అక్కవు గదా?"

లోపలికి పిలిచి చాయ్ పెట్టింది. మొగుడు శైలేందర్ దుబాయి నుంచి వచ్చి ఊళ్లోనే ట్రాక్టరు నడుపుతున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మనవడు. నేను చీటీ తీసి చూపించాను. మూడో తరగతితోనే ఆగిన చదువు, అక్షరాలు ఎప్పుడో పోయాయన్నది. నేనే చదివి వినిపించాను. నవ్వి నవ్వి కొంగు నోట్లో పెట్టుకుంది.

"నలభై ఏండ్లకు దెచ్చినవా అక్కా! నేను సచ్చుంటె ఎట్ల జేద్దువు?"

పుస్తకం ఇచ్చాను. అట్ట మీది గొంగడి బొమ్మ మీద వేలు పెట్టింది. "గిది నాకు ఎర్కనే. గా అక్క సంచిల జూసిన, బస్టాండ్ల. సదువు రాకపోతె గొంగడి గూడ గుర్తువట్టనా?"

"మరి అడగకపోయినవా?"

"ఆమె సంచి మూసుకున్నది. గట్టిగ వట్టుకున్నది. ఇంకేం అడుగుదు?"

ఇది నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆమెకు తెలుసక్కా. పదిహేనేళ్లుగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

తరువాత నేను కథ చదువుతుంటే మధ్యలో ఆపింది. "ముసలవ్వ గొర్రెకు జెరంత ఎక్కువ శెప్పినవు" అని నాకు వంక పెట్టింది. చివర పిల్ల గొంగడి ఇచ్చేసి, చలిలో ఆనందంతో నిలబడింది అన్న వాక్యం దగ్గర ముఖం చిట్లించింది.

"గంతేనా? అయిపోయిందా?"

"అంతే. అక్కడికే రాసుకున్నం."

"గట్లెట్ల అయిపోతది? పోరిది ఒక్కటే గొంగడి. సలి పెట్టదా? నా పిల్లలకు నేను గిట్ల శెప్ప."

ఆమె తన పిల్లలకు ఈ కథ చెబుతూనే వచ్చింది. ఆమె కథలో ఆ పసివాడు పెద్దవాడయ్యాక, గడ్డం వచ్చాక, ఆ దారినే తిరిగి వస్తాడు. పిల్ల అప్పటికి ఆడమనిషి అయింది, ఇంకా మంద దగ్గరే ఉంది. ఆయన భుజం మీది గొంగడి తీసి ఆమె చేతికి ఇస్తాడు. అక్కడక్కడ చినిగి ఉంటుంది.

"తీస్కపోయినోళ్లు తెచ్చియ్యాలె గద అక్కా. దేవుడైతేంది?"

నేను బస్సు ఎక్కేటప్పుడు ఒకటి చెప్పమన్నది. "బుజ్జి అని రాయొద్దను. అది జరమొచ్చిన పోరి పేరు. చంద్రవ్వ అని రాయమను, డోంగ్లి చంద్రవ్వ. గా అక్క పేరు గూడ ఉండనియ్యి. బియ్యమంత ఆమెనే ఏరింది."

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. నేనింకేమీ అడగను.

శ్రీలత


ఎల్లారెడ్డి
16-12-2024

చెల్లె శ్రీలతకు,

అబ్రాహాముతో రెండు పంపుతున్నాను. కొత్త పుస్తకాలు మూడు, కేకు ఒకటి. కేకు తిరిగి పంపినా నేనేమీ అనుకోను.

ముందుమాట చదువు. నీ పద్ధతిలో, గీత మీద నిలబెట్టినట్టు రాయాలని చూశాను.

"ఈ కథ నాకు దేవుడు చెవిలో చెప్పలేదు. అట్లా రాసింది నేను ఆడిన అబద్ధం. 1987 డిసెంబరులో మా హాస్టల్ వరండాలో, డోంగ్లి చంద్రవ్వ జ్వరంతో పడుకుని ఒక ప్రశ్న అడిగింది. గొల్లవాళ్లందరూ వెళ్తే గొర్రెలను ఎవరు చూసుకున్నారని. శ్రీలత ఎనిమిది రోజులు జవాబు చెప్పింది. తొమ్మిదో రోజు ముగింపు చంద్రవ్వ చెప్పింది. నేను బియ్యం ఏరాను, విన్నాను, రాశాను. ముప్పై ఏళ్లు నా ఒక్కదాని పేరే పెట్టుకున్నాను. ఈసారి చివరి పేజీ కొత్తది. అది కూడా చంద్రవ్వదే."

అట్ట మీద ముగ్గురి పేర్లు ఉన్నాయి. చంద్రవ్వది మొదట.

నిన్న ఆదివారం చర్చిలో పుస్తకం విడుదల. పాస్టరుగారు చదవమంటే ముందుమాటే చదివాను. చదివి కూర్చున్నాక పక్కన కూర్చున్న రామవ్వ కాస్త జరిగింది. చోటిచ్చిందో, దూరం జరిగిందో తెలియలేదు. అబ్రాహాము ఇంటికొచ్చాక "గిన్నేండ్లు నాకన్న చెప్పకపోతివి గదనే అమ్మా" అన్నాడు. ఆ తరువాత మాట్లాడటం లేదు. ఈ సంచి మాత్రం మోసుకొస్తాడు.

సండే స్కూలు పిల్లలు మాత్రం చివరి పేజీ చూసి ఎగిరారు. "టీచర్, గొంగడి మల్ల ఇచ్చిండా!" అని. ఇన్నేళ్లలో ఆ కథకు వాళ్లు అట్లా ఎగరడం నేను చూడలేదు.

ఇంకొకటి. చెల్లు చీటీ, అసలుది, పుస్తకం లోపల పెట్టాను. నువ్వు ఇచ్చింది ఏమిటో, నేను తీసుకున్నది ఏమిటో నాకు అప్పుడే తెలుసు. జిరాక్స్ తీయించేటప్పుడు ఇంకా బాగా తెలుసు. అది నా దగ్గర ఉండే కాగితం కాదు.

ఎస్తేరు


కామారెడ్డి
26-12-2024, గురువారం

ఈ రోజు పనులు: నీళ్లు, వాకిలి, వంట, బొంత ఆఖరి వరస, మా ఆయన షుగరు టెస్టు, కందిపప్పు బాగుచేయడం, నవతకు వాళ్లాయన దుబాయి నుంచి పంపిన పెట్టె సర్దడం, నెయ్యి కాచడం. ఎనిమిది. తొమ్మిదోది ఇది.

ఎస్తేరక్కకు,

సోమవారం మనోజ్ఞ పుస్తకం బడికి తీసుకుపోయింది. టీచర్ తానే ముందుమాట చదివి, పిల్లను లేపి మళ్లీ చదివించిందట. ఇంటికొచ్చి నన్ను నిలదీసింది. "అమ్మమ్మా, నువ్వు గూడ సగమే నిజం చెప్పినవు." ఔనన్నాను. ఇప్పుడు క్లాసులో దాన్ని 'గొంగడి మనోజ్ఞ' అంటున్నారు. అందుకు కూడా ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు.

కేకు తిరిగి పంపలేదు. పిల్లలు తిన్నారు. నేను ఇంకా తినలేదు, ఒక ముక్క డబ్బాలో ఉంది. నీ చెల్లు చీటీ చేతికి అందింది. తీరినవాటిలో పెట్టలేను, తీరనివాటిలో పెట్టలేను. దాన్ని విడిగా ఉంచాను. బస్టాండులో మూసుకున్న ఆ సంచి నాకు ఇంకా కళ్ల ముందే ఉంది, నీకు అబద్ధం చెప్పను. జనవరిలో నువ్వే డోంగ్లి పోయి రా. నేను తోడు రాను. వచ్చాక ఏం జరిగిందో రాయి, చదువుతాను.

మొన్న ఆదివారం నేను వెళ్లి పుస్తకం ఇచ్చి వచ్చాను. పెద్దబిడ్డ చదువుతుంటే చంద్రవ్వ తన పేరు దగ్గర ఆపమని, నాలుగుసార్లు చదివించుకుంది. నియమం ప్రకారం చీటీ కూడా ఆమె చేతికే ఇచ్చేశాను. నకలు మాత్రం నీకు, నీ కంటితో చూస్తావని:

24-12-1987. ముగింపు బుజ్జి చెప్పింది. బదులు: కథ కాగితం మీదికెక్కితే బుజ్జి పేరు రాయాలి. బాకీ. శ్రీలత.

22-12-2024. పేరు ఎక్కింది: డోంగ్లి చంద్రవ్వ. పుస్తకం చేతికి అందింది. చెల్లు. శ్రీలత.